కిశోర్ చూడకుండా చెప్పిన జబ్బు

చింతామణిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా ముందుగా గుర్తొచ్చేది కిశోర్. బస్టాండు వెనక చిన్న అంగడి ఉందన్న మాటే కానీ అందులో కూర్చునేది తక్కువ. సంచి భుజాన వేసుకుని మండీలు, స్కూళ్లు, ఆస్పత్రులు తిరుగుతూ ఉంటాడు. మంచివాడే. కాకపోతే ఎవరు ఫోన్ చేసినా, మిషన్ చూడకముందే ఏదో ఒక జబ్బు పేరు చెప్పేస్తాడు. అలా చెబితేనే జనానికి తన పనితనం మీద నమ్మకం కుదురుతుందని అతని అభిప్రాయం.

దసరా అయిపోయి మండీలు తెరిచిన రోజు, గుడిబండెలో ఒక ప్రింటరుతో కుస్తీ పడుతుంటే చింతపండు వ్యాపారి వెంకటరామప్ప ఫోన్ చేశాడు.

"కిశోరూ, మన కంప్యూటర్ ఆన్ అవుతాది, వెంటనే ఆఫ్ అవుతాది, మళ్లీ దానంతట అదే ఆన్ అవుతాది. పొద్దున్నించీ ఇదే ఆట. ఏమయ్యింటాదప్పా?"

"ఎవరన్నా పెన్‌డ్రైవ్ పెట్టినారేమో అడుగప్పా. వైరస్ వచ్చింటాది. సాయంత్రం వస్తా" అని పెట్టేశాడు కిశోర్.

సాయంత్రం మండీకి వెళ్లేసరికి లెక్కలు చూసే రంజిత కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆ పాపే చేసింది" అన్నాడు వెంకటరామప్ప. "పండగ ముందర చెల్లెలి ఫోటోలు ప్రింట్ తీసుకునేదానికి పెన్‌డ్రైవ్ పెట్టిందంట. తానే ఒప్పుకొనె. నమ్మి అప్పజెప్తే ఇదా నువ్వు చేసేదని అందరి ముందరా అడిగేస్తి. రేపట్నుంచి రావద్దని చెప్పినా. ఏడ్చుకుంటా పోయె."

స్క్రీన్ మీద ఒక్క అక్షరమైనా రాకముందే ఆగిపోయే మిషన్‌కు వైరస్‌తో సంబంధం ఉండదు. ఆ సంగతి కిశోర్‌కు బాగా తెలుసు. పొద్దున వెంకటరామప్ప చెప్పింది సరిగ్గా విని ఉంటే ఆ మాట నోట్లోంచి వచ్చేదే కాదు.

కంప్యూటర్ పక్క రేకు విప్పాడు. దుమ్ము ఊదాడు. ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఫ్యాన్ తిరిగింది, ఆగింది, తిరిగింది. హార్డ్ డిస్క్ తీగ పీకి చూశాడు. తన సంచిలోని పవర్ సప్లై తగిలించి చూశాడు. అదే వరస. చివరికి ముందున్న పవర్ బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నని తీగ ఊడదీసి, ఆ పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒకసారి తాకించాడు. స్క్రీన్ వెలిగింది. మళ్లీ ఆగలేదు.

అప్పుడు బటన్ కేసి చూశాడు. ఆయుధపూజ నాడు వెంకటరామప్ప స్వయంగా పెట్టిన గంధం, కుంకుమ చుట్టూ ఎండి రాయిలా బిగుసుకున్నాయి. నొక్కిన బటన్ పైకి రాలేక లోపలే ఇరుక్కుంది. అదే మిషన్‌ను ఆపుతూ, మళ్లీ లేపుతూ ఉంది.

పిన్నుతో గీకి శుభ్రం చేశాడు. తీగ మళ్లీ తగిలించాడు.

తూకం దగ్గర నుంచి వెంకటరామప్ప తిరిగి వచ్చాడు. "వైరస్సే కదా?"

"ఊఁ" అన్నాడు కిశోర్.

ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. బండి ఎక్కి ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. పొద్దున మాట తొందరలో అన్నది. ఇది తెలిసి అన్నది.

మరునాడు తెల్లవారుతూనే రంజిత ఊరు మురుగమల్లకు వెళ్లాడు. రంజిత, వాళ్లమ్మ అంబుజమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. జరిగిందంతా నిలబడే చెప్పాడు.

రంజితకు కోపం రాలేదు. "నేనూ నిజమనే నమ్మినా అన్నా. నా వల్లనే కదా మండీ పని నిలిచిపాయె అని రాత్రంతా నిద్ర పట్టలా" అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది కిశోర్‌కు.

"అందరి ముందర కదప్పా నా బిడ్డను అనింది?" అంది అంబుజమ్మ, చేతిలో పని ఆపకుండానే. "మా వాకిట్లో చెప్తే ఎవరికి వినపడతాది?"

అక్కణ్నుంచి నేరుగా మండీకి పోయాడు. హమాలీలు మూటలు దించుతున్నారు. వాళ్లందరూ వినేలా చెప్పాడు. "రంజిత తప్పేమీ లేదప్పా. బటన్ గంధంతో ఇరుక్కునింది. వైరస్ అని నేను చూడకుండా చెప్పినా. నిన్న ఊఁ అన్నది అబద్ధం."

వెంకటరామప్ప కంప్యూటర్ బటన్ వేలితో తడిమి చూశాడు. తర్వాత తానే రంజితకు ఫోన్ చేశాడు. "తప్పయిపాయమ్మా. కిశోర్ అందరి ముందరా నిజం చెప్పె. పనికి రా."

"అందరి ముందరా చెప్పినారంటే అంతే చాలప్పా" అంది ఆమె. "ఆ కుర్చీలో మళ్లీ కూర్చునేదానికి నాకు మనసు రాదు."

ఎండాకాలంలో ఒకనాడు బాగేపల్లి బస్టాండులో ఆమె కనబడింది. అక్కడొక ఎరువుల అంగట్లో పనికి చేరిందట. "బాగుండావా అన్నా?" అని తనే పలకరించింది. బస్సు వచ్చేదాకా ఏవేవో కబుర్లు చెప్పింది. కిశోర్ అన్నిటికీ తలాడించాడు కానీ, ఆమె ముఖంలోకి చూడటం మాత్రం అతనికి చేతకాలేదు.