తలదెబ్బకు నేను చెప్పిన సాక్ష్యం

మా ఆయనకు బర్రెలంటే ప్రాణం. చీకటితోనే లేచి పాలు పిండి, క్యాన్లు మోపెడ్‌కు కట్టుకుని దేవరకొండ హోటళ్లకు పోసి వచ్చేవాడు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక పొద్దున వెనక నుంచి వచ్చిన కారు ఆయనను గుద్దింది. హైదరాబాదు దవాఖానాలో తలకు ఆపరేషన్ చేశారు. బతికాడు. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది. తన కాళ్ల మీద నడిచి వచ్చిన మనిషిని చూసి ఊరంతా సంతోషపడింది.

నాకే ఏదో తేడా కొట్టింది. లేవమంటే లేచేవాడు, లేకుంటే మంచం మీదే. స్నానం చెయ్యమని చెప్పాలి, ఇక చాలనీ చెప్పాలి. పాలు పొంగి మాడిపోతున్నా పొయ్యి పక్కనే కూర్చునేవాడు. ఆయనకు వాసన తెలియడం లేదని చాలా రోజులకు గానీ నాకు అర్థం కాలేదు. కోపమే ఎరగని మనిషి, కూరలో ఉప్పు తక్కువైందని బిడ్డ మీదికి గిన్నె విసిరాడు.

మా అత్త మాత్రం, "వానికేమైందే? కూసోవెట్టి తినవెడుతున్నవ్, బద్దకం మరిగిండు," అనేది.

నష్టపరిహారం కోసం నల్గొండలో కేసు వేసిన వకీలు సారు కూడా ఒక చిక్కు చెప్పాడు. "కాలు పోతే జడ్జి కండ్లకు కనవడుతది. గిది కనవడదమ్మా. డాక్టర్ చెప్పాలె."

మళ్లీ హైదరాబాదు. మళ్లీ వరుసలు, ఇవాళ కాదు రేపు రమ్మనడాలు. చివరికి ఒక డాక్టరమ్మ ఆయనతో బొమ్మలు పేర్పించి, ఏవో లెక్కలు అడిగి, నన్ను పక్కకు పిలిచింది.

"మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలింది. పని మర్చిపోలేదు, మొదలుపెట్టడమే ఆయన వల్ల కాదు. కోపం ఆపుకోవడమూ అంతే. తనకేం కాలేదనే అనుకుంటాడు. అది కూడా ఆ దెబ్బ వల్లనే."

"మల్ల మంచిగైతడా మేడం?"

"కొంత. పూర్తిగా కాదు."

బస్టాండులో కూర్చుని ఏడ్చాను. బద్దకం కాదని తేలినందుకో, బాగుపడడని తేలినందుకో నాకే తెలియదు. ఆయన నా పక్కన కూర్చుని వచ్చీపోయే బస్సులు చూస్తున్నాడు.

కోర్టులో వాయిదా మీద వాయిదా పడింది. ఆఖరికి ఆయనను బోనెక్కించారు. కారు బీమా కంపెనీ వకీలు నెమ్మదిగానే అడిగాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పాడు.

"ఇప్పుడు ఎట్లుంది నీకు?"

"నాకేమైంది సారూ? మంచిగనే ఉన్న. రేపటి సంది పాలకు పోత."

ఆ వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. వాళ్లకు కావలసింది ఆ మాటే.

తర్వాత నన్ను పిలిచారు. ఆయన ఎదురుగా బల్ల మీదే ఉన్నాడు. బయటకు పంపమని అడగాలని నాకు తోచలేదు. అన్నీ చెప్పాను. బిడ్డ మీదికి గిన్నె విసరడం, నేను చెప్పకపోతే తడి బట్టలతోనే పొద్దంతా ఉండటం, చుట్టాల సావు దగ్గర నవ్వితే జనం మమ్మల్ని లేపి పంపడం. అమ్మకు కూడా చెప్పకుండా దాచినవి, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు చెప్పాను. టైపు చేసే అతను అందుకోలేక ఆగమన్నప్పుడల్లా ఆగాను.

బయట మెట్ల మీద ఆయన అడిగాడు. "గవన్ని నేనే చేసిన్నా?"

"ఆఁ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నీకు యాదికుండదు."

"బిడ్డకు తాకిందా?" అన్నాడు.

"లే," అన్నాను. తాకింది. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా ఉంది.

డాక్టరమ్మ వచ్చి సాక్ష్యం చెప్పాక తీర్పు మా వైపే వచ్చింది. అడిగినంత ఇవ్వలేదు. చాలా భాగం బ్యాంకులోనే ఉంచమన్నారు. ఆ వడ్డీతో మందులు గడుస్తున్నాయి. తీర్పు విన్న రోజు మా అత్త తన కొడుకు తల మీద కుట్ల జాగా తడుముతూ చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత బద్దకమన్న మాట ఆమె నోట రాలేదు.

మొన్న పక్క ఊరి నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె తమ్ముడు ట్రాక్టరు మీద నుంచి పడ్డాడట.

"కుట్లు మానినయ్ అక్కా. గని మునుపటి లెక్క లేడు. అందరు నాటకమంటున్నరు."

"నాటకం కాదు," అన్నాను. "దవాఖాన కాగితాలు ఒక్కటి గూడ పారెయ్యకు. కోర్టుల నువ్వు చెప్పేటప్పుడు తమ్మున్ని బయట కూసోవెట్టు."

"ఎన్నేండ్లు వడతది అక్కా?"

చానా పడుతుందని చెప్పి, ఆమెకు చాయ్ పోశాను.