తుకారాం గారి నాలుగు జవాబులు

పద్మారావు నగర్‌లో తుకారాం గారు ఎవరినైనా ఒక ప్రశ్న అడిగితే, వాళ్లు చెప్పాల్సిన జవాబులు కూడా ఆయనే ఇస్తారు. సరిగ్గా నాలుగు. అందులోంచి ఒకటి ఏరుకోవాలి. అయిదోది చెబితే ఒప్పుకోరు.

"లచ్చమ్మా, బెండకాయలు ఎట్లున్నయ్? ఒకటి, పొద్దుగాల తెంపినవి. రెండు, నిన్నటివి. మూడు, మొన్నటివి. నాలుగు, చెప్పలేను."

"తీస్కుంటె తీస్కోండ్రి సార్, లేకుంటె బండి పోనియ్యుండ్రి!" అని కూరగాయల లచ్చమ్మ కసిరేది.

"అది జవాబులల్ల లేదమ్మా," అని ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి 'నాలుగు' అని రాసుకునేవారు.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగం అంటించింది. ఒక ఆరోగ్య పరిశోధన సంస్థలో ముప్పై ఏళ్లు పనిచేశారు. జనం తమ రోగాల గురించి ఎక్కడ తెలుసుకుంటున్నారో ఇల్లిల్లూ తిరిగి అడగడమే పని. చేరిన కొత్తలో ఫారం మీద రేడియో, గోడ మీది రాతలు, కరపత్రం ఉండేవట. తర్వాత రేడియో పోయి టీవీ వచ్చింది, కరపత్రం పోయి ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది, అదీ పోయి ఫోన్ వచ్చింది, నాడి లెక్కపెట్టే చేతి గడియారం కూడా వచ్చి కూర్చుంది. "ఇప్పుడైతె ఏఐ సుత రాయాలె," అనేవారు ఆయన. "దునియా ఎంత ముంగటికి పోయినా నాలుగో నంబరు మాత్రం కదల్లేదు చూడుండ్రి. చెప్పలేను అంటె చెప్పలేనే!"

ఆయన ఎదురింటావిడ స్వర్ణలత. ఆమె భర్త హరికిషన్ పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి ఆమెకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. తుడిచిన గూడే తుడిచేది. ఆరీ ఆరని బట్టలు తెచ్చి, మళ్లీ తీసుకుపోయి ఆరేసేది. బియ్యం డబ్బా ఈ మూల నుంచి ఆ మూలకు, సాయంత్రానికి ఆ మూల నుంచి ఈ మూలకు. ఇంట్లో ఆమె ముట్టనిది ఒక్కటే, బీపీ గోలీల డబ్బా. పదకొండేళ్లు పొద్దున్నే హరికిషన్ గోలీ, మంచినీళ్ల గ్లాసు చేతికిస్తేనే వేసుకుంది. ఇప్పుడు ఇచ్చే చెయ్యి లేదు, వేసుకోవడమూ లేదు.

ఒక మంగళవారం తుకారాం గారు అట్టకు కాగితాలు బిగించుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"చెల్లె, కొత్త సర్వే షురూ అయింది. రిటైరైనోళ్లను సుత మళ్ల పిలిచిన్రు. చిట్టీలు తీస్తె నీ పేరు వచ్చింది."

"ఇంతమందిల నా పేరే ఎట్లొచ్చిందన్నా?"

"ఒకటి, అదృష్టం. రెండు..."

"అయ్యో, అడుగుండ్రి జల్ది! నాకు పనున్నది."

పొద్దున తిన్నావా, ఎవరితోనైనా మాట్లాడావా, గోలీ వేసుకున్నావా. "ఒకటి, వేస్కున్న. రెండు, మర్శిపోయిన. మూడు, అయిపోయినయ్. నాలుగు, చెప్పలేను."

మొదటివారం ఆమె పొరపాటున రెండు అంది. దాని కింద ఆరు పిల్లప్రశ్నలు బయటికొచ్చాయి. మరుసటి వారం మూడు అంది. తొమ్మిది! ఒకటికి మాత్రం ఏమీ లేవు. ఇక అప్పటినుంచి ప్రతి మంగళవారం ఒకటే.

ఒకసారి తలుపు తియ్యకుండా లోపలే నక్కింది. తుకారాం గారు బయట నిలబడి గట్టిగా చదివారు. "చెల్లె ఎటు పోయింది? ఒకటి, మార్కెట్‌కు. రెండు, పండుకున్నది. మూడు, ఇంట్లనే ఉండి పలుకుతలేదు."

"మూడు!" అని లోపలినుంచి ఆమె నోరు దానంతటదే అనేసింది.

పన్నెండు వారాలు ఇలాగే గడిచాయి. ఈలోగా ఆమెకు మెట్లు దిగుతుంటే రెండుసార్లు కళ్లు తిరిగాయి. ఎవరికీ చెప్పలేదు.

ఒక బుధవారం తుకారాం గారి కోసం ఆయన పాత ఆఫీసు నుంచి డోరా అనే పిల్ల వచ్చింది. ఆయన ఇంటికి తాళం ఉంది. స్వర్ణలత పిలిచి కూర్చోబెట్టి, ఇదే సమయమని అందుకుంది.

"బిడ్డా, మీ ఆఫీసులో చెప్పి ఈ సర్వే జెర బంద్ పెట్టియ్యి. మంగళారం వస్తె పరేషాన్ అయితుంది."

"ఏ సర్వే ఆంటీ?"

స్వర్ణలత ఆయన వదిలిపోయిన ఖాళీ ఫారం ఇచ్చింది. డోరా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మాది కాదాంటీ. మేం సార్‌ను పిలవనేలేదు. చేత్తో రాసి జిరాక్స్ తీయించిన్రు. ఇగో చూడండి, 'సర్వే చేయవలసిన మొత్తం ఇండ్లు: ఒకటి'."

స్వర్ణలత ఫారం లాక్కుని ఆ వరుస మళ్లీ చదివింది. డోరా నవ్వింది.

"ముందు మావాళ్లు, జనానికి జబ్బు గురించి తెలుసా అని అడిగేవాళ్లు. తర్వాత, ఫోన్‌లో దొరికిందా అని అడిగినం. అన్నీ తెలిసినా ఎందుకు చేస్తలేరు అని ఇప్పుడు అడుగుతున్నం. సార్ పాత ఫారాల అంచుల మీద ఎప్పుడో రాసిండు, 'ఈమెకు అన్నీ తెలుసు. పక్కన కూర్చునే మనిషి లేదు' అని. ఫారాలు ఖరాబు చేస్తున్నడని పెద్దసార్లు తిట్టేటోళ్లట. ఇప్పుడు ఆ అంచుల మీది రాతల గురించి అడగడానికే వచ్చిన."

డోరా వెళ్లాక స్వర్ణలత చాలాసేపు ఒకేచోట కూర్చుంది. తర్వాత లేచి గోలీల డబ్బా మూత తీసింది. తారీఖు చూసుకుంది, ఇంకా దాటలేదు. మంచినీళ్లు తానే వంచుకుంది.

మంగళవారం తుకారాం గారు అట్ట లేకుండా వచ్చారు.

"చెల్లె, సర్వే ఖతం. మొదటి రెండు వారాలు తప్ప గోలీ గురించి అన్నీ ఒకట్లే వచ్చినయ్. నువ్వు మంచిగున్నవ్. ఇగ నీకు తక్లీఫ్ ఇయ్య."

ఆయన మళ్లీ మెట్లవైపు తిరిగారు. స్వర్ణలత గబగబా వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, ఆగుండ్రి. ఆ ఒకట్లన్నీ అబద్ధం."

"అన్నీనా?"

"అన్నీ. పోయిన బుధవారం సంది మాత్రం నిజంగ వేస్కుంటున్న."

తుకారాం గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అరె! సర్వే మొత్తం ఖరాబు చేసినవ్ గద! మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె. ఎన్నాళ్లు పడ్తదో ఏమో!"

"పడనియ్యుండ్రి. కానీ మీ పెద్దసార్లు కోప్పడుతరేమో?" అంది స్వర్ణలత, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

"కోప్పడుతరు చెల్లె," అన్నారాయన అంతకంటే గంభీరంగా, లోపలికొచ్చి కుర్చీ లాక్కుంటూ. "శాన కడక్ మనుషులు."