చెవిలో మోత అణిగాక

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్ళే బస్సులో చాలా ఏళ్ళు కండక్టరుగా పనిచేశాను. వినికిడి తగ్గే కొద్దీ రెండు చెవుల్లోనూ ఒక మోత మొదలైంది. కుక్కరు ఈల వేయడం మొదలుపెట్టి ఇక ఆపకపోతే ఎలా ఉంటుందో, అలా. ఒకసారి పుంగనూరు దాటాక ఒక ముసలామె బస్సు ఆపమని అరిచిందట. నాకు వినపడలేదు. చాలా దూరం వచ్చాక దింపాం. మూట నెత్తిన పెట్టుకుని ఆమె ఎండలో వెనక్కి నడిచిపోవడం చూసి, మరుసటి రోజే డిపోలో కూర్చునే పని అడిగాను.

డిపో గదిలో సందడి తక్కువ. అక్కడ మోత ఇంకా పెద్దదైంది. చెవి మిషన్లు కూడా పనిచేయలేదు. చివరికి కుప్పంలో ఒక డాక్టరమ్మ, ఆపరేషన్ చేసి చెవి లోపల ఇంప్లాంట్ పెట్టవచ్చని కాగితం మీద రాసి చూపించింది. మాటలు వినిపిస్తాయా అని నేను అడగలేదు.

"ఈ మోత పోతాదామ్మా?" అన్నాను.

ఆమె రాసింది: "చాలామందికి తగ్గుతుంది. కొందరికి తగ్గదు. ఎవరికో ఒకరికి పెరుగుతుంది కూడా. మాట ఇవ్వలేను."

ఆ చివరి మాటతోనే ఆమె మీద నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ గాయం మానాక, చెవి వెనక యంత్రం తగిలించి ఆన్ చేశారు. డాక్టరమ్మ గొంతు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు వినిపించింది. మోత అలాగే ఉంది. తిరుగు బస్సులో ఏడుస్తూ కూర్చున్నాను. వెంట వచ్చిన మా ఆయన పుంగనూరులో దిగి టీ తెచ్చి ఇచ్చారు.

ఆ తర్వాత రోజూ ఆయన పేపరు పైకి చదివేవారు, నేను వినేదాన్ని. శబ్దాలు మెల్లగా మాటలయ్యాయి. రెండో నెలలో ఒకరోజు టమోటాలు తరుగుతూ ఏదో చెబుతుంటే, ఆయన పేపరు దించి నా ముఖం చూశారు.

"ఏం, ఒంట్లో బాగలేదా? ఇంత మెల్లగా మాట్లాడతాండావు."

"బాగానే ఉండాను. యాల?"

"ఇన్నేళ్ళూ అరిసినట్టే మాట్లాడతాంటివి గదా."

కత్తి కింద పెట్టాను. ఆ మోతను దాటి వినపడాలని అన్నాళ్ళూ గొంతు పెంచుతున్నానని అప్పుడే తెలిసింది. చెవులు రిక్కించి వెతికాను. ఫ్యాను తిరుగుతోంది, పప్పు ఉడుకుతోంది. మోత లేదు.

"అది లేదు," అన్నాను.

"ఏది?"

"చెవిలో మోత. ఎప్పుడు పోయిందో, నేనే సూసుకోలేదు."

ఆయన వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు.

పూర్తిగా పోయిందని చెప్పలేను. యంత్రం తీస్తే కాసేపటికి వస్తుంది, కానీ మునుపటి బలం లేదు. మళ్ళీ పెట్టుకుంటే అణిగిపోతుందని తెలుసు కాబట్టి భయం లేదు. నాలాగే ఆపరేషన్ చేయించుకున్న కురబలకోట మాస్టారికి మాటలు బాగా వినిపిస్తున్నాయి కానీ మోత తగ్గలేదు. నా సంగతి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆయనే, "నీకన్నా పోయింది గదమ్మా, సంతోషం," అన్నారు.

పోయిన వారం మేమిద్దరం హార్స్లీ హిల్స్‌కు వెళ్ళాం. మునుపు నిశ్శబ్దంగా ఉండే చోటికి వెళ్ళాలంటే భయపడేదాన్ని. ఆ రోజు ఒక బండ మీద గంటసేపు ఊరికే కూర్చున్నాను.