స్విట్జర్లాండ్‌లో ఉత్త కాళ్లు

ఈ రోజు నేనూ మా ఆవిడ లక్ష్మీ యూరప్ వెళ్లొచ్చాం. జహీరాబాద్ మార్కెట్లో అల్లం అమ్మేశాక, పక్కనే ఉన్న ఫొటో స్టూడియోలో దూరి, రంగుల పరదాల్లో దేశం ఎంచుకున్నాం. నేను పారిస్ టవర్ పరదా దగ్గర ఆగిపోయాను.

"గంత దూరం పోయి కరెంటు టవర్ కింద నిలవడ్తమా? నాకు మంచు కొండలు కావాలె" అంది లక్ష్మి.

సరే, స్విట్జర్లాండే ఖాయమైంది. స్టూడియో కోటు నేను తొడుక్కున్నాను, ఆమె శాలువా కప్పుకుంది. లైట్ల వేడికి చెమటలు కారుతున్నా, చలికి వణుకుతున్నట్టు నిలబడి ఫొటో దిగాం.

గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ లక్ష్మి కెవ్వుమంది.

"అయ్యో, చెప్పులు గీడ ఇడిసి మంచుల ఉత్త కాళ్లతోని నిలవడ్డమయ్యా!"

ఫొటోలో కాళ్లు కూడా పడ్డాయా అని అడుగుతూ నేను లోపలికి పరిగెత్తాను.

"ఫికర్ చెయ్యకే అన్నా, ఫుల్ సైజు తీసిన. కాళ్ల పట్టీలు గూడ మంచిగ వడ్డయి" అన్నాడు ఫొటోగ్రాఫర్, సంబరంగా.

ఫొటో వచ్చాక మొదట చూసేది మా అత్తగారే. యూరప్ తీసుకెళ్లిన అల్లుడు నా బిడ్డకు చెప్పులు కొనియ్యలేదా అని ఆమె అడిగితే ఏం చెప్పాలో, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.