గుండు కర్రకు తెలియని స్లీపరు

నిమ్‌పురా రైల్వే యార్డులో పట్టాల గ్యాంగు పనికి పోయిన మొదటి రోజు ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. అప్పటికి ఏడాదిగా నేనూ నా పెళ్ళామూ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో బామ్మర్ది రైల్వే క్వార్టర్ వరండాలోనే కాపురం. నా నోటిదురుసుకి రెండు పనులు పోగొట్టుకున్నాను. ఈ మూడోదీ పోతే బామ్మర్ది మొహం ఎలా చూడాలి?

గ్యాంగు మేటు మా శ్రీకాకుళం వైపు ముసలాయన. అందరూ మావా అనే పిలుస్తారు. పొద్దున్నే తెగేసి చెప్పినాడు.

"ఒక్కరోజు సూస్తానురా. సాయంత్రానికి నీ స్లీపర్లు నిలిస్తే రేపు రా. లేదా, మరి ఇటేపు రాకు."

పనేటంటే, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు, అంటే కర్ర దిమ్మల కిందికి, బీటరనే మొద్దు మొన పికాసుతో కంకర కూరడం. రెండు పట్టాల కిందే గట్టిగా కూరాలి. దిమ్మ నడుం కింద మాత్రం వదులుగా ఉంచాలి. అక్కడా బిగిసిందంటే బండి బరువుకి దిమ్మ నడిమికి విరిగిపోద్ది. మావ ఈ మాట రెండుసార్లు చెప్పినాడు.

నా జోడీ ఒక బెంగాలీ దాదా. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, చీపురుపుల్లలా ఉంటాడు. ఎదురెదురుగా నిలబడి, ఆయన దెబ్బ పడ్డాక నేను వెయ్యాలి. నాలుగో స్లీపరుకే నాకు రొప్పు. "క్యా పహిల్వాన్, ఘర్ జాయేగా?" అని, ఇంటికి పోతావా అన్నట్టు నవ్వినాడు.

ఒళ్ళు మండిపోయింది. ఐదో దిమ్మ దగ్గర వెర్రెత్తినట్టు కొట్టినాను, పట్టా కిందా నడుం కిందా చూసుకోకుండా. దాదా నవ్వు ఆగిపోయింది. ఇంతలో అవతల నించి మావ కేకలు, "ఏటర్రా ఆలీసం!" అని. అలాగే వదిలేసి ముందుకి పోయినాం.

మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కినాయి. కానీ నా దెబ్బ దాదా దెబ్బతో కలిసింది. ఆ తర్వాత తప్పు దెబ్బ పడలేదు.

సాయంత్రం మావ గుండు కర్ర పట్టుకొచ్చినాడు. కొసన గుండున్న ఆ కర్రతో దిమ్మ మీద కొడితే, కింద డొల్లుంటే చప్పుడులో తెలిసిపోద్ది. ఐదోదాని మీద కొట్టినాడు. డొల్ల చప్పుడు లేదు, గట్టిగా మోగింది. మోగదా మరి! ఉండాల్సినదానికన్నా గట్టిగా కూరినాను.

"పరవాలేదురా, రేపు రా" అన్నాడు మావ.

దాదా నాకేసి చూసి "చుప్", ఊరుకో అన్నట్టు కళ్ళు చికిలించినాడు. తువ్వాలు భుజానేసుకుని నాలుగడుగులు వేసినాను. ఐదో అడుగు పడలేదు.

"మావా, ఐదోదానికి నడుం కింద కొట్టీసినాను."

"ఒరే సచ్చినోడా! గూడ్సు పావుగంటలో వస్తాది! పది నిమిషాలు సూస్తాను. అవ్వలేదా, జండా ఊపి బండాపుతాను, నిన్ను ఇంటికి పంపుతాను."

మోకాళ్ళ మీద పడి కంకర తవ్వినాను. బీటరుకి రానిది వేళ్ళతో లాగినాను. బొబ్బలు పగిలి రాళ్ళకి రక్తం అంటింది. మావ ఎర్రజండా చుట్ట విప్పుతున్నాడు. దాదా వచ్చి అవతలి వైపు కూర్చున్నాడు. ఇద్దరం కలిసి నడుం కింద వదులు చేసి లేచేసరికి ఇంజను కూత పెట్టింది. మావ జండా మళ్ళీ చుట్టీసినాడు.

పక్కనే నిలబడి చూసినాను. ఒక్కో వ్యాగనూ వచ్చి నా దిమ్మ మీద కూర్చుంటోంది, లేస్తోంది. దిమ్మ ఇంత దిగుతోంది, మళ్ళీ తన చోటికొస్తోంది. నా జన్మలో అంత సంతోషం ఎరగను. ఒంట్లో నొప్పి లేని చోటు లేదు, అయినా నవ్వొస్తోంది.

మావ మాత్రం రేపటి మాట ఎత్తకుండా జండా చంకన పెట్టుకుని పోయినాడు.

ఇంటికొస్తే వేళ్ళు ముడుచుకోవట్లేదు. నా పెళ్ళామే ముద్ద పెట్టి, "రేపెలా ఎల్తావు?" అంది. రానిస్తే గదా అన్నాను.

మర్నాడు పిలవకుండానే పోయినాను. మావ బీటరు చేతికిచ్చినాడు. సాయంత్రం అందరి స్లీపర్లూ కొట్టి చూసుకుంటూ వచ్చి, మా వరస దగ్గర కర్ర భుజాన పెట్టుకుని దాటిపోయినాడు.

"మావా, మావి సూడలేదు" అన్నాను.

"సూసేదేటి? తేడా ఉంటే నువ్వే సెప్తావు గదరా" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.