యాకయ్య చెయ్యి పడ్డ తలుపు: పాత రంగు కోసం జనగామ నుంచి భూపాలపల్లి దాకా

దసరా దగ్గరకొస్తోంది. పండుగనాటికి బండి కొత్తగా కనపడాలని మన దగ్గర చాలామంది రంగు వేయిస్తారు. మీ ఇంట్లో పాత బండి ఉంటే, ఆ పని మొదలుపెట్టకముందే మీరిది చదవాలి. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

మా అన్న భద్రు జనగామలో ఒక షెడ్డులో కార్లకు రంగులు వేస్తాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలయ్యాక షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. ఈ నెలతో మూసేస్తానని యజమాని చెప్పేశాడు. ఇక పూణెకు పోయి కూలి పని వెతుక్కోవాలని అన్న అనుకుంటుండగా భూపాలపల్లి నుంచి రాంరెడ్డి పటేల్ ఫోన్ చేశారు. రెండేళ్ల కింద ఉద్యమం ఊరేగింపుల కోసం ఆయన తన తండ్రి నాటి అంబాసిడర్‌కు గులాబీ రంగు కొట్టించారు. అప్పటి నుంచి ఆయన తల్లి లక్ష్మమ్మ గారు అది మన కారు కాదంటూ ఎక్కడమే మానేశారట. "మళ్ల పాత తీర్గ చెయ్యి. అమ్మ ఎక్కిందంటే నా జీపు గూడ రంగుకు నీకే ఇస్త. గీడ నా జాగల షెడ్డు ఏసుకో" అన్నారు పటేల్. మర్నాడే కారును జనగామకు పంపించారు.

కొత్త రంగును పాతదిలా చూపించడం వింత పని. అన్న కింద ఎర్ర ప్రైమర్ కొట్టి, దాని మీద మీగడ రంగు వేసి, ఆరాక నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో అక్కడక్కడ ప్రైమర్ కనపడేదాకా రుద్దాడు. అంచుల్లో ఉప్పునీళ్లు పూసి తుప్పు పట్టించాడు. చిక్కటి టీ డికాక్షన్‌తో మెరుపు తగ్గించాడు. ఎక్కడెక్కడ అరగాలో తెలియడానికి నన్ను ఫోటోలు తెమ్మన్నాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే కాబట్టి ఇంటర్నెట్ పని ఏదున్నా నాకే వస్తుంది. పాత కార్ల ఫోటోలు ఇరవై దాకా ప్రింటు తీసి ఇచ్చాను.

కారు అప్పజెప్పడానికి శనివారం పొద్దున ఆరింటికి జనగామలో బయలుదేరాం. కాలేజీ బందు కాబట్టి నేనూ ఎక్కాను. పాలకుర్తి మీదుగా తొర్రూరు చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడ సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గంజులో అన్నం కలుపుతున్న ఒక అక్క మా కారును చూసి గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏందే పిల్లా, గీ కారు బాయిల కెళ్లి తీసిండ్రా?"

"కొత్త రంగే అక్కా. మా అన్ననే పాతగ చేసిండు."

"పైసలిచ్చి పాతగ చేపిచ్చుకుంటున్నరా! మా ఇంటాయనకు ఇడిసిపెట్టుండ్రి, ఆయన మోటర్ సైకిల్ తీర్గ పుణ్యానికే పాతగైతది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పులిహోర విస్తరాకులో పెట్టి, "తిన్నంక పోండ్రి, గప్పటిదాక తొవ్వ ఇడిసెటట్టు లేరు" అని కూర్చోబెట్టింది. గంటన్నర ఆగాం. ఆ రోజు తిన్నవాటిలో అదే రుచిగా ఉంది.

మహబూబాబాద్‌లో యాకయ్య తాతను ఎక్కించుకోవాలి. ఇరవై ఏళ్లు ఆ అంబాసిడర్ నడిపింది ఆయనే. ఇప్పుడు బిడ్డ దగ్గర ఉంటున్నాడు. ఆయన లేకుండా కారు తేవద్దని పటేల్ ముందే చెప్పారు. తాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు ముందు తలుపు దగ్గర ఆగాడు. అద్దం కింది అంచు మోచేయి ఆనించిన చోట అరిగినట్టు అన్న ఎంతో ఓపికగా రుద్దిన జాగా అది.

"ఏం పిల్లగా, నన్ను గీ దిక్కు కూసోపెట్టినవా? మరి స్టీరింగు ఎవల చేతుల ఉండె?"

అన్న నా దిక్కు చూశాడు. నేను తెచ్చిన ఫోటోలన్నీ విదేశాలవి. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. "పూణె టికెట్ తీసుకోవాల్సిందేనా?" అని అన్న మెల్లగా మా తండా భాషలో నన్ను అడిగాడు.

తాత కుడివైపు ఎక్కి కూర్చున్నాడు. చెయ్యి బయటపెట్టి అరచేత్తో తలుపు మీద టపటపా చరిచాడు. "హారన్ ఎన్నడు మోగింది గనుక! బర్లడ్డమొచ్చినా, మేకలడ్డమొచ్చినా గిదే నా హారన్. గీడ రంగు లేకుండె." అన్న ఆ చోట సుద్దతో గీసుకుని, డబ్బాలోని గరుకు కాగితం తడిపి అక్కడే గంటసేపు రుద్దాడు. ఎడమ తలుపు సరిచేయడానికి పూత రంగు తేలేదు. దాన్ని అలాగే వదిలేశాం.

నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదుగా సాయంత్రం అయిదున్నరకు భూపాలపల్లి చేరాం. లక్ష్మమ్మ గారు కర్ర పట్టుకుని బయటికొచ్చి, నేరుగా ఎడమ తలుపు దగ్గరకే నడిచారు.

"గిక్కడెవలు గీకిండ్రు యాకయ్యా? మేకలు నాకినయా?"

తాత నోరు తెరిచేలోపే అన్న, "నాదే తప్పు అమ్మా. ఫోటోలు సూసి చేసిన, బండిని సూసి చెయ్యలే" అన్నాడు. ఆమె కారు చుట్టూ తిరిగి కుడి తలుపు మీద చెయ్యి పెట్టారు. ఎర్రగా తేలిన ఆ జాగాను వేళ్లతో తడిమి, కొడుకును పిలిచి వెనక తలుపు తీయమన్నారు.

"చౌరస్తా దాక పోనియ్యి యాకయ్యా."

వాళ్లు తిరిగొచ్చాక ఆమె దిగుతూ అన్నతో, "జీపు సంగతి ఇను. దాన్ని గూడ మావోడు గులాబీ చేసిండు. అందాజగ చెయ్యకు. గసొంటి బండి యాడన్న సూసి, గప్పుడు చెయ్యి" అన్నారు. పటేల్ షెడ్డు జాగా చూపించారు. అన్న ఆ రాత్రి పూణె మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మళ్లీ నెట్‌లో వెతికాను. ఎక్కడెక్కడి పాత కార్లో వందల కొద్దీ ఉన్నాయి. మన మట్టి రోడ్ల మీద తిరిగి, మన డ్రైవర్ల చేతుల్లో అరిగిన బండి మాత్రం ఒక్కటీ కనపడలేదు. రంగు ఎక్కడ అరిగిందో చూస్తే ఆ బండిని ఎవరు, ఎట్లా నడిపారో తెలుస్తుంది. అది మనం దాచుకోలేదు. ప్రతి దసరాకూ మనమే కొత్త రంగు కింద కప్పేస్తున్నాం.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట: సమ్మె ఉన్నన్నాళ్లు బస్సులను నమ్ముకోకండి, సొంత బండైతే పొద్దున్నే డీజిల్ నింపుకోండి. మాకు ఎనిమిది వందలైంది.

ఇక నా మనవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు ఎవరింట్లోనైనా కంపెనీ రంగు మీదనే ఉన్న పాత జీపు ఉంటే, ఊరి పేరుతో కింద రాయండి. అన్న వచ్చి చూసి వెళ్తాడు, ముట్టుకోడు. ఇరవై అయిదో తారీఖున పని మొదలుపెట్టాలి కాబట్టి ఆలోపే జవాబు కావాలి. దయచేసి అప్పటిదాకా దాన్ని కడగకండి కూడా.