షిఫ్టంతా నానిన చాప్స్

మునిసామి పంది మాంసం కొట్టుకాడ ఇరుళాయి గెలిచిన తగాదా ఎదురింటి వల్లియమ్మాళ్ కళ్లారా చూసింది. వాడు చాప్స్ కోసం కొట్టిన పక్కటెముక ముక్కల చుట్టూ ఉన్న కొవ్వంతా చెక్కేసి, పాలిపోయిన ముక్కలు ఆకులో పెట్టినాడు.

"కొవ్వు యాడికి పోయిందిరా?" అంది ఇరుళాయి.

"ఎవరూ తినడంలేదక్కా. గుండెకి మంచిది కాదంట."

"నిప్పుల మీద పెడితే కరిగి కారేదానికి ఏముండాది దీన్లో? నీ చెమట పొయ్యాల్నా?"

వెనక వరసలో నిలబడినోళ్లు నవ్వి, మాకూ కొవ్వుతోనే కొట్టమన్నారు. మునిసామి కొక్కెం మీంచి కొవ్వున్న కొత్త పంది పక్క దించినాడు. ఆ వీధిలో నోటికి తనను మించినోళ్లు లేరనుకునే వల్లియమ్మాళ్ ఆ రోజు ఇరుళాయి సంచి తానే మోసింది.

ఇరుళాయి పద్దెనిమిదో ఏట అన్నూరు నుంచి పీలమేడుకి కోడలుగా వచ్చింది. అత్త నూలు మిల్లు గేటుకాడ పంది చాప్స్ కాల్చి అమ్మేది. అత్త పోయినాక ఇరుళాయి ముప్పై ఏళ్లు కాలేజీ హాస్టల్ ఊడ్చింది. చాప్స్ ఆదివారం ఇంటికి మాత్రమే మిగిలినాయి, కొన్నేళ్లకి అవీ ఆగినాయి. ఇప్పుడు కూతురి కూతురు ఇలక్కియ కాలేజీ రోడ్డులో తోపుడుబండి పెడతానంటోంది, అదీ అవ్వ చాప్స్‌తోనే. అత్త చేతి పని మళ్లీ వీధికెక్కుతుందని ఇరుళాయికి కాలు నేల మీద నిలవలేదు. బాగా కుదరాలి, అంతే. కుదరకపోతే చెడేది అత్త పేరు.

అత్త లెక్క ఒకటే. పొద్దున మిల్లు సైరన్, ఆ సంగు కూసినప్పుడు మాంసాన్ని పులిసిన కల్లులో నానెయ్యాలి, మొదటి షిఫ్టు దిగే సంగుకి తీసి నిప్పుల మీద పెట్టాలి. మిల్లు మూతపడి ఇరవై ఏళ్లయింది, సంగు కూయదు. కల్లు మీద ఇక్కడ నిషేధం, దించితే పోలీసులొస్తారు. ఇరుళాయి కల్లు బదులు తరవాణి పోసింది, అన్నం కుండలో మూడు రోజులు పులిసిన నీళ్లు. షిఫ్టు మాత్రం వదల్లేదు. ఎనిమిది గంటలూ నానబెట్టింది.

ఇనప జాలీ మీద పెట్టగానే మాంసం ఎముకని వదిలేసి బొగ్గుల్లోకి జారింది.

"అవ్వా, ఇది చాప్స్ కాదు, ఉప్మా" అంది ఇలక్కియ.

ఇరుళాయి బొగ్గుల్ని తిట్టింది, జాలీని తిట్టింది, మనవరాలి చదువుని తిట్టింది. వల్లియమ్మాళ్ ఊరుకుంటుందా?

"మీ అత్త కాల్చింది ఊరంతా తిరిగి కండలు బిగిసిన నాటు పందినే. ఇది షెడ్డులో పడుకుని మేసిన తెల్లపంది. దీనికి షిఫ్టెందుకే? టీ తాగే టైం చాలు."

ఇరుళాయి జాలీ కడిగి లోపల పెట్టేసింది. మూడో రోజు తానే వచ్చి పిలిచింది. ఈసారి మిరియాలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు నూరి తరవాణిలో కలిపి, రెండు గంటలే నానబెట్టింది. కొవ్వు బొగ్గుల మీద చుయ్యిమని కారింది. అంచులు నల్లబడ్డాయి, లోపల మెత్తగా నిలిచింది. వల్లియమ్మాళ్ రెండు తిని ఎముక చీకింది.

"ఉప్పు?" అనడిగింది ఇరుళాయి.

"సరిపోయింది."

"పులుపు? నిజం చెప్పు."

యాభై ఏళ్లలో ఇరుళాయి ఇట్లా అడిగింది లేదు. ఆమె చేతిలోనే సగం కొరికిన ముక్క ఉంది.

"నువ్వూ తింటావుండావు కదే, నన్నడుగుతావేం?"

ఇలక్కియ నీళ్లకి లోపలికి పోయిందాకా ఇరుళాయి ఆగింది.

"నాకు తెలీడం లేదక్కా. ఎండాకాలం జ్వరమొచ్చిందే, అప్పట్నుంచీ ఏం పెట్టుకున్నా మట్టి నమిలినట్టుండాది."

"ఆ పిల్లకి చెప్పలేదా?"

"చెప్తే బండి పక్కన పడేసి నన్ను ఆస్పత్రులెంట తిప్పుతుంది. బండి నిలదొక్కుకున్నాక నేనే చెప్తాలే."

 వల్లియమ్మాళ్ జాలీ మీద మిగిలిన ముక్క తిప్పి పెట్టింది, ఊరికే.

"మిరియాల ఘాటు కళ్లకి తగుల్తుంది, నానింది వేలికి తెలుస్తుంది" అంది ఇరుళాయి. "ఉప్పూ పులుపే నా చేతిలో లేవు. ఆదివారం బండి తెరిచేటప్పుడు నా పక్కన స్టూలేసుకుని కూర్చో. మొదటి ముక్క నువ్వు తిను. బాగుంటే తలూపు. లేకపోతే నా మొహం చూసి ఊరుకోవద్దు. ఆ పిల్లకి నా మీద ప్రేమ, అబద్ధం చెప్తుంది. నీకా జబ్బు లేదు. నలుగురి ముందరే తిట్టు."